ఖాళీ బిందెలు మోసిన బండ నీళ్ల తొట్టిని మోస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. హాల్లో గోడలోకి కట్టిన నాలుగడుగుల అల్మరా ఉంది, తలుపులు లేవు, అరలన్నీ కడప బండలే. మా ఏడేళ్ల బాబు కోసం రెండడుగుల చేపల తొట్టి ఒకటి, ఫైటర్ చేపకు అడుగు తొట్టి ఒకటి కొన్నాం. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉన్న బండ మీద రెండూ పెట్టాలని ఉంది. దాని కింద ఇంకో బండ అర కూడా ఉంది. మా అత్తమ్మ "ఇరవై ఏళ్లుగా ఇత్తడి బిందెలు మోస్తున్న బండ, దానికేమవుతుంది" అంటారు. ఆ బండకు అడ్డంగా ఒక తెల్ల గీత ఉందని మా ఆయనకు టెన్షన్. ఎదురు గోడకు ఎల్ క్లాంపులు కొట్టి ప్లైవుడ్ అర వేద్దాం అంటున్నారు. మందం ప్లై వేస్తే చాలని కార్పెంటరు కూడా చెప్పాడు. ఏం చేయమంటారు?

జవాబు: అక్కా, తొట్లలో ఇంకా నీళ్లు పోయలేదనే అనుకుంటున్నాను. పోయకండి, కొన్నాళ్లు ఆగండి. మీ బండ పనికొస్తుంది, కానీ ఇప్పుడున్నట్టుగా కాదు, దాని కింద చిన్న పని చేయించాలి. ఎదురు గోడకు క్లాంపుల ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోమని మీ ఆయనకు చెప్పండి, ఎందుకో కింద రాస్తాను.

ముందు బరువు సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఒక చేత్తో లేపేస్తాం కాబట్టి అది చిన్న వస్తువనే అనిపిస్తుంది. లీటరు నీళ్లు అంటే కిలో. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అంచు దాకా నింపితే 56 లీటర్లు పడతాయి. కాస్త తక్కువగానే నింపుతాం అనుకున్నా, 5 మిల్లీమీటర్ల గాజు బరువు ఒక 9 కిలోలు, అడుగున రెండంగుళాల మందాన పరిచే గులకరాళ్లు ఒక 15 కిలోలు, పైన మూత, లైటు, ఫిల్టరు, బాబు ముచ్చటపడి వేయించే బొమ్మలు, అన్నీ కలిపితే 75 కిలోల దగ్గర తేలుతుంది. అడుగు తొట్టి ఇంకో 35 నుంచి 40. అంటే మొత్తం 115 కిలోలు, ఇద్దరు పెద్దవాళ్లు ఆ బండ మీదెక్కి కూర్చుని రాత్రీ పగలూ దిగకుండా ఉన్నట్టు.

అత్తమ్మ మాట కొట్టిపారేసేది కాదు, ఆ బండ ఇరవై ఏళ్లు నిలబడింది నిజమే. కానీ అరలో పెట్టే బిందెలు ఖాళీవి, ఖాళీ బిందె ఎంత పెద్దదైనా మామూలుగా నాలుగైదు కిలోలు, ఐదారు పెట్టినా పాతిక ముప్పై కిలోలు దాటవు. ఇప్పుడు పెట్టబోయేది దానికి నాలుగింతలు. అందులోనూ నీళ్ల బరువు, ఒక్కరోజు కూడా దిగని బరువు.

ఇంకో సంగతి కూడా అత్తమ్మతో చెప్పండి. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, వంపుకు ఓర్చుకోదు. రెండు కొసల మీద ఆనిన బండ మీద బరువు పెడితే పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగదీసినట్టు అవుతుంది, రాయికి ఆ సాగుడు అంటేనే పడదు. చెక్క అయితే ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, మనకు తెలిసేలా చేస్తుంది. బండ అలా చెప్పి విరగదు. నిన్నటి దాకా తిన్నగా ఉండి ఇవాళ రెండు ముక్కలవుతుంది, దాంతోపాటు 50 లీటర్ల నీళ్లూ గాజు పెంకులూ కిందికి వస్తాయి. ఏడేళ్ల పిల్లవాడు ముక్కు గాజుకు ఆనించి చూసే చోటు అది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఆయన చూసిన తెల్ల గీత గురించి. కడప నల్ల బండలో తెల్ల చారలు పుట్టుకతో రావడం మామూలే, అది రాయిలోనే ఉండే సున్నపు చార. అది చారా, పగులా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బండను తడిగుడ్డతో బాగా తడిపి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పక్కన కూర్చుని ఆరేది చూడండి. బండంతా ఆరాక కూడా ఆ గీత ఒక్కటే తడిగా, ముదురు రంగులో సన్నగా మిగిలిందంటే నీళ్లు లోపలికి దిగాయన్న మాట, అది పగులే. తరువాత గీతకు అడ్డంగా గోరు నడపండి, గోరు తట్టుకుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఆ తరువాత రూపాయి బిళ్లతో గీతకు ఇటొకసారి అటొకసారి కొట్టి వినండి. మంచి బండ ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా, పాత కుండ మోగినట్టు మోగుతుంది. కింది ముఖం కూడా టార్చి వేసి చూడటం మరచిపోకండి, పగులు మొదలయ్యేది అక్కడే, పై నుంచి చూసేవాళ్లకు కనబడదు. పగులని తేలితే ఆ బండను తీయించి కొత్తది వేయించండి, మీ ఊళ్లో బండలకు కరువా ఏమన్నా. వేసేటప్పుడు మందం అడిగి వేయించండి, మందం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది.

బండ మంచిదే అని తేలిందనుకుందాం. ఇప్పుడు అసలు పని, దీనికి నమూనా మీ వంటింట్లోనే ఉంది. స్టవ్ పెట్టుకునే గట్టు కిందికి వంగి చూడండి. పైన పొడుగు బండ, దాని కింద రెండడుగులకొకటి చొప్పున నిలువు బండలు నేల దాకా దిగి ఉంటాయి, మధ్య ఖానాలో గ్యాస్ సిలిండరు కూర్చుని ఉంటుంది. ఆ గట్టు మీద గ్రైండరు తిరుగుతుంది, పండగ వస్తే రెండు పెద్ద గిన్నెల నిండా పాకమో పులుసో ఉంటుంది, ఎవరూ భయపడరు. హాల్లో అల్మరాకు చేయాల్సింది అదే. నాలుగడుగుల బండకు మధ్యలో ఒక నిలువు బండ, రెండు పక్క గోడలను ఆనుకుని చెరొకటి, మొత్తం మూడు. బరువు సమానంగా పరిచిన బండకు నడుమ ఒక్క ఆధారం ఇచ్చినా దాని మీద పడే వంపు నాలుగో వంతుకు దిగిపోతుంది. మందం పెంచడం కంటే ఇది చవక, పని కూడా తక్కువ.

పక్క గోడల దగ్గర ఎందుకు అంటారేమో, బండ కొసలు గోడలోనే ఉన్నాయి కదా అని. ఉన్నాయి, కానీ ఎంత లోపలికి ఉన్నాయో పైన ప్లాస్టరింగ్ కప్పేసింది. రెండు మూడంగుళాలు లోపలికి దిగి కూర్చుంటే మంచిదే, కొన్నిచోట్ల గోడకు అంగుళం గాడి కొట్టి బండను దూర్చి సిమెంటు పూసి వదిలేస్తారు. బిందెలకు అది సరిపోయింది. చేపల తొట్టికి ఆ అనుమానం పెట్టుకుని బతకడం ఎందుకు, చెరొక నిలువు బండ పెడితే గోడతో సంబంధం లేకుండా బరువు నేలకు దిగిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మేస్త్రీలు కూడా తొందరలో వదిలేసేది ఇదే. మీ బండ కింద ఇంకో బండ అర ఉందన్నారు. పై బండ కింద నిలువు ముక్క పెట్టి దాన్ని కింది బండ నడుమ నిలబెట్టి ఊరుకుంటే బరువు ఎక్కడికీ పోలేదు, పై బండ నడుమ ఉన్న కష్టం కింది బండ నడుమకు మారింది, అంతే. కింది బండ కింద కూడా, సరిగ్గా ఆ ముక్కకు సూటిగా, ఇంకో నిలువు ముక్క నేల దాకా ఉండాలి. పై ముక్క, కింది ముక్క ఒకే వరసలో ఉన్నాయా లేదా అన్నది దారానికి కట్టిన తూకం గుండు వదిలి చూపించమనండి. అంగుళం అటూ ఇటూ అయితే ఫరవాలేదు గాని అరచేయంత తేడా వస్తే ఒప్పుకోకండి.

నిలువు బండ అరకు ఉన్నంత లోతు ఉండాలి, ముందు అంచుకు అంగుళం లోపలికి ఆగితే కాలికి తగలదు. అంగుళం మందం సరిపోతుంది. ఎత్తు మాత్రం ఖాళీ కంటే ఒక అర సెంటీమీటరు తక్కువగా కోయించి, ఆ సందును సిమెంటు, ఇసుక కలిపిన మాలుతో నింపించండి. బిగుతుగా ఉండాలని నిలువు బండను సుత్తితో కొట్టి దూర్చడం, సందులో రాతి ముక్కలు చీలల్లా దిగ్గొట్టడం అస్సలు వద్దు. అలా కొడితే పై బండ నడుమ పైకి లేస్తుంది, బరువు పెట్టకముందే విరుగుతుంది. మాలు ఆనితే చాలు. పని జరిగేటప్పుడు బండ మీద ఏమీ ఉండకూడదు, తరువాత వారం రోజులు తడుపుతూ ఆరనివ్వండి.

ఇప్పుడు ఎదురు గోడ, క్లాంపులు. గోడకు వేలాడే అరలో బరువు కిందికి మాత్రమే లాగదు, పై బోల్టును గోడలోంచి బయటికి కూడా లాగుతుంది. తొట్టి నడిమి బరువు గోడకు ఆరంగుళాల దూరంలో ఉండి, క్లాంపు నిలువు కాలు తొమ్మిది అంగుళాలు ఉంటే 75 కిలోల తొట్టి పై బోల్టులన్నిటినీ కలిపి 50 కిలోల బలంతో అడ్డంగా పీకుతూ ఉంటుంది, ఆగకుండా. అర ఇంకా వెడల్పయితే ఆ పీకుడు ఇంకా ఎక్కువ. ఆ బోల్టు దేనిలో ఉంది? పైన ముప్పావు అంగుళం ప్లాస్టరింగు, దాని వెనక ఇటుక అయితే కొంత నయం, ఇటుకల మధ్య సందులో పడితే ఏమీ లేనట్టే, బోలు ఇటుకలయితే ప్లాస్టిక్ ప్లగ్గు పట్టుకోవడానికి లోపల ఏమీ ఉండదు. మన వైపు పాత మిద్దె ఇళ్లల్లో గోడలు రెండడుగుల మందం ఉంటాయి, అయినా రాళ్ల మధ్య ఉన్నది మట్టే, దానిలో ఏ బోల్టూ నిలవదు. (ఆ ఇళ్లల్లో గోడలోనే ఉండే గూడు మాత్రం చిన్న తొట్టికి మంచి చోటు, కింద నేల దాకా గోడే కదా. నీళ్లు ఒలికి మట్టి నానకుండా కింద ఒక రేకు పరచుకోవాలి.) పిల్లవాడు ఒక్కసారి అర అంచు పట్టుకుని వేలాడితే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి.

కార్పెంటరు చెప్పిన మందం మాటలో నిజం ఉంది, 12 మిల్లీమీటర్ల ప్లైకి బదులు 19 వేస్తే వంగకుండా ఉండే బిగువు దాదాపు నాలుగింతలవుతుంది. కాకపోతే తేడా వచ్చేది ప్లైలో కాదు, బోల్టులో. ఎదురు గోడ దగ్గరే పెట్టాలని మీ ఆయనకు గట్టిగా ఉంటే అరను గోడకు తగిలించకుండా నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి. వెల్డింగ్ షాపులో అంగుళం చదరపు ఇనుప పైపుతో, 16 గేజుది, ఒక స్టాండు చేయమనండి. తొట్టి నాలుగు అంచులూ పైపుల మీద ఆనేలా పైన చట్రం, కింద కాళ్ల దగ్గర ఇంకో చట్రం, వెనక వైపు మూల నుంచి మూలకు ఒక వాలు పైపు. ఆ వాలు పైపును మాత్రం ఎవరు వద్దన్నా వేయించండి, అది లేని స్టాండు నిలువు బరువు బాగానే మోస్తుంది గాని పక్కకు తోస్తే ఊగుతుంది, తొట్టిలో నీళ్లు కూడా దానితో ఊగుతాయి. కిరాణా కొట్టుల్లో కనబడే బోల్టుల ఇనుప ర్యాకులతో వచ్చే తంటా కూడా ఇదే, పైగా వాటి రేకు నడుమ కుంగుతుంది. కాళ్ల కింద మూడంగుళాల ప్లేటు ముక్కలు వెల్డు చేయిస్తే టైల్సు పగలవు. రెడాక్సైడ్ కొట్టి పైన పెయింటు వేయించండి, లేకపోతే నీటి చుక్కలకు ఏడాదిలోపే తుప్పు. పైన గోడకు రెండు చిన్న క్లాంపులు పెట్టొచ్చు, స్టాండు ముందుకు పడకుండా పట్టుకోవడానికే అవి, బరువు మోయడానికి కాదు. స్టాండు మీద పరిచే ప్లై నీటికి ఆగేది తీసుకోండి. పార్టికల్ బోర్డు వద్దే వద్దు, ఒకసారి తడిస్తే ఉబ్బి అటుకుల్లా విడిపోతుంది.

ఇంట్లో ఉన్న చెక్క అరనే వాడుకోవాలనుకునే వాళ్లకోసం ఒక ముక్క. అంగుళం మందం, రెండంగుళాల వెడల్పు రీపరును, అంటే పొడుగు చెక్క బద్దను, అర ముందు అంచు కింద నిలబెట్టి స్క్రూలు బిగించండి, పడుకోబెట్టి కాదు. అదే రీపరు నిలబెడితే, పడుకోబెట్టినదానికి నాలుగింతల బిగువు ఇస్తుంది. ఇది కూడా కింద కాళ్లు ఉన్న అరకే.

మళ్లీ మీ బండ దగ్గరికి వద్దాం. మాలు ఆరాక తొట్లు పెట్టేముందు బియ్యం మూటలతో పరీక్ష పెట్టండి, 25 కిలోల సోనామసూరి మూటలు ఐదు అయితే 125 కిలోలు, మీ రెండు తొట్ల కంటే కాస్త ఎక్కువే. ఇంట్లో అన్ని లేకపోతే కొట్టువాళ్లను అడిగి రెండు రోజులకు తెచ్చుకోండి. మూటలు పెట్టకముందే బండ ముందు అంచు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు నూలు దారం బిగుతుగా లాగి టేపుతో అంటించండి. దారం, బండ అంచు కలిసి ఉన్నాయా, నడుమ సందు కనబడుతోందా అని బరువు పెట్టాక చూడాలి, రెండు రాత్రులు గడిచాక మళ్లీ చూడాలి. నిలువు బండలు సరిగా ఆనితే సందు అసలు కనబడకూడదు. ఒక మిల్లీమీటరు వచ్చినా మేస్త్రీని పిలవండి. ఆ రెండు రోజులూ బాబును అల్మరా దగ్గరికి పోనివ్వకండి.

తొట్లు ఎక్కడెక్కడ అంటే, పెద్దది ఒక ఖానాకు సరిగ్గా, ఒక కొస పక్క గోడ దగ్గరి నిలువు బండ మీదికి, రెండో కొస నడిమి నిలువు బండ మీదికి వచ్చేలా. చిన్నది రెండో ఖానాలో, నడిమి బండకు దగ్గరగా. తొట్టి ఏ వైపూ బండ అంచు దాటి బయటికి రాకూడదు. రసమట్టం పెట్టి పొడవునా వెడల్పునా చూడండి, మేస్త్రీ దగ్గర ఉంటుంది. కుంగడం కంటే మెలిక ప్రమాదం, నాలుగు మూలల్లో ఒకటి లేచి ఉంటే గాజు అతుకుల్లో ఉన్న సిలికాన్ మీద లాగుడు పడి కొన్ని నెలలకు కారడం మొదలవుతుంది. బండ పైముఖం ఎంత నునుపున్నా సన్నని ఎగుడుదిగుళ్లు ఉంటాయి, ఒక్క ఇసుక రేణువు చాలు అడుగు గాజు చిట్లడానికి. అందుకని శుభ్రంగా తుడిచి సెంటీమీటరు మందం థర్మకోల్ షీటు తొట్టి కొలతకు కోసి వేయండి. తొట్టి చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగు గాజు పైకి ఎత్తుగా ఉన్న రకమయితే షీటు అక్కర్లేదు, ఆ ఫ్రేమే ఆనాలి.

నీళ్లు కూడా ఒకేసారి కాదు, మొదటి రోజు మూడో వంతు, మర్నాడు ఇంకో మూడో వంతు, దారం చూసుకుంటూ. పై అరకు, తొట్టి మూతకు మధ్య అడుగు ఖాళీ ఉందో లేదో ఇప్పుడే కొలవండి, చేయీ జాలీ దూరకపోతే తొట్టి కడగడమే మానేస్తారు. వైర్లు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తొట్టి కింది అరలో పెట్టకండి.

బోరు నీళ్లయితే బండ మీద ఒలికిన చోటల్లా తెల్ల పొక్కు కడుతుంది. దాన్ని నిమ్మకాయతోనో వెనిగర్‌తోనో తుడవాలని అనిపిస్తుంది, వద్దు. మన కడప బండ సున్నపురాయి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ ఆ రాయి కోసమే. పులుపు తగిలితే నిగనిగ పోయి ఆ మేర మసకబారుతుంది, ఎంత రుద్దినా తిరిగి రాదు. ఒలికిన వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మేస్త్రీ మిగిల్చిన బండ ముక్కలు బాగున్నాయని బాబు తొట్టిలో వేస్తానంటే వేయనివ్వకండి, ఇప్పటికే ఉప్పదనం ఉన్న నీళ్లల్లో సున్నం ఇంకా పెరుగుతుంది.

పగులు పరీక్షలో ఏం తేలిందో, బండ మందం ఎంత వచ్చిందో కొలిచి రాయండి. ముప్పావు అంగుళం కంటే పలచగా ఉంటే పెద్ద తొట్టి ఉండే ఖానాలో నడుమ ఇంకో నిలువు ముక్క కూడా వేయించాలి, మేస్త్రీ వచ్చినరోజే ఆ పని కూడా అయిపోతుంది.